ఎర్రగా ఉన్నచోటల్లా పగలదు

గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు ఈమధ్య అధ్యాపకుల కోసం ఫైనైట్ ఎలిమెంట్ (వస్తువును ఎలిమెంట్లనే చిన్న ముక్కల వలగా, అంటే మెష్‌గా విడగొట్టి, లోడు పడితే ఎక్కడ ఎంత స్ట్రెస్, అంటే ఒత్తిడి వస్తుందో కంప్యూటర్‌తో లెక్కగట్టే పద్ధతి) మీద వర్క్‌షాప్ పెట్టారు. మధ్యాహ్నం పూట నాకూ ఒక క్లాసు ఇచ్చారు. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి పరిశ్రమలో చాలాకాలం పనిచేసినాయన. ఆయన మాటను తేలిగ్గా తీసిపారేయలేం. చివర్లో ఆయన అన్నది ఇది: "మెష్ సైజు గురించి పిల్లల బుర్ర తినడం మానేయండి. తప్పెక్కడుందో సాఫ్ట్‌వేరే కనిపెట్టి అక్కడ మెష్‌ని తనే సన్నం చేసుకుంటుంది. అడాప్టివ్ ఆన్ చేయడం నేర్పితే చాలు." హాల్లో చాలా తలలు ఊగాయి. భోజనాల దగ్గర నేనూ ఆయనా వాదన మొదలుపెట్టాం. గోంగూర పప్పు దగ్గర మొదలైంది పెరుగన్నం దాకా సాగింది కానీ తేలలేదు. ఆ తేలని భాగమే ఇక్కడ రాస్తున్నా.

నా మాట క్లుప్తంగా చెప్తే: అడాప్టివ్ రిఫైన్‌మెంట్ మంచి పనివాడే. కానీ ఏ అంకె కోసం పనిచేయాలో మనం చెప్పకపోతే వాడు తనకు తోచిన పని చేస్తాడు. తరచుగా అది మనకు అక్కర్లేని పని. కాబట్టి ఆటోమేటిక్ వచ్చింది గనక లెక్కలో తప్పెంతో అంచనా కట్టడం నేర్పక్కర్లేదన్న వాదన నాకు పూర్తిగా తలకిందులుగా కనిపిస్తోంది. ఆటోమేటిక్ వచ్చింది గనకే అది ఇప్పుడు ఎక్కువ నేర్పాలి.

ఆయన పక్షాన నాలుగు మాటలు

మెష్ సన్నం చేసే పని మనిషి చేతిలోనే ఉండాలన్న పట్టుదల నాకేమీ లేదు. ఎల్ ఆకారపు ప్లేటు తీసుకోండి, లోపలి మూల పదునుగా ఉన్నది. విలియమ్స్ 1952లోనే చూపించాడు, ఇలాంటి మూల దగ్గర స్ట్రెస్‌కి హద్దు లేదని. మూలకు దగ్గరవుతున్నకొద్దీ దూరానికి విలోమంగా, సుమారు 0.455 ఘాతంతో పెరుగుతూ పోతుంది. ఇప్పుడు మామూలు త్రిభుజాల మెష్ వేసి, ప్లేటంతా ఒకేలా సన్నం చేసుకుంటూ పోతే, ఎనర్జీ నార్మ్‌లో (మోడల్ అంతటి తప్పునీ కలిపి ఒక్క అంకెగా చెప్పే కొలతలో) కొలిచిన తప్పును పదోవంతుకు తేవడానికి ఎలిమెంట్ల సంఖ్య సుమారు 4,700 రెట్లు పెంచాలి. అదే పని అడాప్టివ్‌గా, మూల దగ్గర సన్నగా, దూరంగా ఉన్నచోట లావుగా చేస్తే 100 రెట్లు చాలు. ఇది ఎవరో అమ్మకాల కోసం చెప్పే మాట కాదు, కన్వర్జెన్స్ రేట్ల (మెష్ సన్నబడేకొద్దీ జవాబు ఎంత వేగంగా ఒకచోట నిలబడుతుందో చెప్పే అంకెల) నుంచి కాగితం మీద వచ్చే లెక్క. ఏ మనిషీ చేత్తో మెష్ వేసి ఇంత పొదుపు సాధించలేడు.

వెనకున్న ఆలోచన కూడా ముచ్చటైనదే. 1978లో బాబుష్కా, రైన్‌బోల్ట్ చేసింది ఏమిటంటే, వచ్చిన జవాబునే తిరిగి సమీకరణంలో పెట్టి ఎంత మిగిలిందో, ఎలిమెంట్ల అంచుల దగ్గర ఎంత తేడా వస్తోందో చూసి తప్పును అంచనా కట్టారు. 1987లో జియెంకియెవిచ్, జూ ఇంకా తేలికైన దారి చూపించారు. ఒక ఎలిమెంట్‌లో వచ్చిన స్ట్రెస్ పక్క ఎలిమెంట్‌లోని స్ట్రెస్‌తో కలవదు, అంచు దగ్గర మెట్టు ఉంటుంది. అసలు లోహంలో ఆ మెట్టు ఉండదు. కాబట్టి నోడ్ల (ఎలిమెంట్లు కలిసే బిందువుల) దగ్గర సగటు తీసి నున్నగా చేయి, ఆ నున్నటిదానికీ ముడిదానికీ తేడా ఎంతో అదే తప్పుకి అంచనా. జవాబు తెలియకుండానే జవాబులో తప్పెంతో చెప్పగలగడం! మొదటిసారి చదివినప్పుడు ఇదేదో కనికట్టులా అనిపించింది. ఫైనైట్ ఎలిమెంట్ చదివిన తెలుగు కుర్రాళ్ళలో మన ఓరుగల్లు వైపు నుంచి వెళ్ళిన జె.ఎన్. రెడ్డి గారి పేరు తెలియనివాడు ఉండడు. జియెంకియెవిచ్, జూల ఈ జడ్-జడ్ ఎస్టిమేటర్ (తప్పును అంచనా కట్టే పద్ధతి) పేరు విన్నవాళ్ళు ఎంతమంది అని క్లాసులో అడిగితే మాత్రం చేతులు బాగా తగ్గిపోతాయి. పరీక్షలో వచ్చేది బార్ ఎలిమెంటు, సి.ఎస్.టి. (తేలికరకం త్రిభుజపు ఎలిమెంటు) స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్సు. వాళ్ళను అనుకుని లాభం లేదు.

ఇంతవరకు ఆయనతో నాకు పేచీ లేదు.

ఆటోనగర్ బ్రాకెట్

బెజవాడ ఆటోనగర్‌లో టిప్పర్ బాడీలు కట్టే ఒక షెడ్డుకి అప్పుడప్పుడు లెక్కలు చేసిపెడుతుంటా. బాడీకీ ఛాసిస్‌కీ మధ్య ఉండే ఒక బ్రాకెట్ దగ్గర పగుళ్ళొస్తున్నాయని ఒకసారి కబురుపెట్టారు. మోడల్ కట్టి, బోల్టులతో బిగించిన ముఖాన్ని కదలకుండా పూర్తిగా ఫిక్స్ చేసి, అడాప్టివ్ ఆన్ చేసి నడిపా. వేరే సర్దుబాట్లేవీ చేయలేదు. ఆ ముడి బొమ్మనే (స్ట్రెస్ ఎక్కువున్నచోట ఎరుపు, తక్కువున్నచోట ఆకుపచ్చ) ల్యాప్‌టాప్‌లో మేస్త్రికి చూపించా. ఆయనేమంటాడో వినాలని నా కోరిక.

ఆయన కళ్ళజోడు సర్దుకుని, "ఎర్రగా ఉన్నకాడ పగులుద్దా బాబూ?" అన్నాడు.

"కంప్యూటరు అట్లాగే అంటోంది బాబాయ్."

"మా బండ్లు అక్కడ ఎప్పుడూ పగల్లేదే! పగిలేది ఇదిగో, ఈ గస్సెట్ కొసన, వెల్డింగ్ ఆగిపోయే చోట." గస్సెట్ అంటే మూలకు ఊతంగా వెల్డు చేసే ప్లేటు ముక్క. ఆయన వేలు పెట్టిన చోట బొమ్మలో ఆకుపచ్చ రంగు ఉంది.

జరిగిందేమిటో ఈ పని చేసేవాళ్ళు ఈపాటికే ఊహించి ఉంటారు. ఫిక్స్ చేసిన ముఖం అంచు దగ్గర లోహం ఒక్కసారిగా కదలగలిగే చోటు నుంచి కదల్లేని చోటికి మారుతుంది. లెక్కలో అది సింగులారిటీ, అంటే మెష్ సన్నం చేసినకొద్దీ స్ట్రెస్ హద్దు లేకుండా పెరిగే చోటు. అసలు బండిలో బోల్టు కాస్త సాగుతుంది, ప్లేటు కాస్త వంగుతుంది, ఆ అనంతం ఎక్కడా ఉండదు. ఎస్టిమేటర్‌కి ఆ సంగతి తెలియదు. తప్పు ఎక్కువున్న చోటు అదే గనక ప్రతి విడతా ఎలిమెంట్లన్నీ అక్కడే కుమ్మరించింది. గస్సెట్ కొస దగ్గర మెష్ మొదట ఎంత లావుగా ఉందో చివరికీ దాదాపు అంతే ఉంది. పైగా ఆ అంచు దగ్గరి స్ట్రెస్ విడత విడతకీ పెరిగేసరికి రంగుల స్కేలు కూడా దానితోపాటు సాగింది. నిజంగా పగిలే చోటు పచ్చబడిపోయింది. రిఫైన్ చేసినకొద్దీ బొమ్మ నిజానికి దూరమైందన్నమాట.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు కథే, "సింగులారిటీలను పట్టించుకోకండి" అని ప్రతి ట్రైనింగ్‌లోనూ చెప్పేదే. నాకు నిద్ర పట్టనివ్వనిది రెండో సంగతి. మేస్త్రి చూపించిన చోటు, ఆ వెల్డు అంచు, అది కూడా మోడల్‌లో పదునైన మూలే. అక్కడ మెష్ సన్నం చేసినా స్ట్రెస్ కన్వర్జ్ కాదు. మొదటి మెష్‌లో 100 మెగాపాస్కల్ వచ్చిందనుకోండి. 90 డిగ్రీల లోపలి మూలైతే సైజు సగం చేసినప్పుడల్లా 37 శాతం పెరుగుతుంది: 137, 188, 258... దీనికి అంతం లేదు. అంటే మోడల్‌లో రెండు సింగులారిటీలు ఉన్నాయి. ఒకటి నేను వేసిన బౌండరీ కండిషన్ (ముఖాన్ని కదలకుండా ఫిక్స్ చేయడం) పుట్టించిన అబద్ధం. రెండోది ఉక్కు నిజంగా పగిలే చోటు. గణితం దృష్టిలో రెండూ ఒక జాతివే. తేడా తెలిసింది మేస్త్రికి, ఎస్టిమేటర్‌కి కాదు.

వెల్డుల విషయంలో లోకం ఈ చిక్కును గణితంతో కాక ఒప్పందంతో దాటింది. అంతర్జాతీయ వెల్డింగ్ సంస్థ సిఫార్సుల ప్రకారం వెల్డు అంచు దగ్గరి స్ట్రెస్‌ను అసలు చదవరు. ప్లేటు మందంలో 0.4 వంతు దూరంలో ఒకటి, మందమంత దూరంలో ఒకటి చదివి, మొదటిదాన్ని 1.67తో హెచ్చించి, రెండోదాన్ని 0.67తో హెచ్చించి తీసేస్తారు. 10 మిల్లీమీటర్ల ప్లేటైతే 4 దగ్గర, 10 దగ్గర. అలా వచ్చిన హాట్‌స్పాట్ స్ట్రెస్‌ను ఫెటీగ్ (పదేపదే లోడు పడి లోహం అలసి పగలడం) కర్వ్‌లతో పోలుస్తారు, ఆ కర్వ్‌లు కూడా అదే పద్ధతిలో కొలిచిన నమూనాల నుంచి వచ్చినవే. ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న మారిపోయింది. "మోడల్‌లో తప్పెంత?" అని కాదు, "ఆ రెండు బిందువుల దగ్గర తప్పెంత?" అని. ఆ రెండు అంకెలూ చక్కగా కన్వర్జ్ అవుతాయి. ఏ ఆటోమేటిక్ బటన్‌కీ ఆ రెండు బిందువుల సంగతి తనంతట తాను తెలిసే వీల్లేదు.

రెండు శాతం మారితే చాలా?

ప్రాజెక్ట్ వైవాలకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళినప్పుడు నేను తప్పకుండా వినే మాట "మెష్ ఇండిపెండెన్స్ చేశాం సార్." మెష్ ఇంకా సన్నం చేసినా జవాబు పెద్దగా మారదని చూసుకున్నామని దానర్థం. విజయవాడలో ఒక కాలేజీలో ఒక అమ్మాయి చక్కగా చెప్పింది, స్ట్రెస్ 2 శాతం లోపే మారింది కాబట్టి ఆపేశామని. "ఎలిమెంట్లు ఎన్ని నుంచి ఎన్నికి పెంచారమ్మా?" అన్నా. "52 వేల నుంచి 55 వేలకి సార్."

లెక్క చూడండి. త్రీడీలో 52 వేలు 55 వేలయితే ఎలిమెంట్ సైజు 2 శాతం కూడా తగ్గలేదు. ఇందాక చెప్పిన పదునైన మూల, అనంతానికి పరిగెత్తే స్ట్రెస్, అది కూడా ఇంత చిన్న అడుగులో 1 శాతం లోపే మారుతుంది. అంటే జీవితంలో ఎప్పటికీ కన్వర్జ్ కాని అంకె కూడా ఈ పరీక్ష దర్జాగా పాసైపోతుంది. ఆ అమ్మాయిని తప్పుపట్టలేదు, పట్టాల్సింది ఆమె గైడ్‌ని కూడా కాదు. అచ్చయిన పేపర్లలో అదే వాక్యం వందసార్లు చదివాక ఎవరైనా అదే రాస్తారు.

అడాప్టివ్‌లో ఇదే ఇంకాస్త ముసుగు వేసుకుని వస్తుంది. ప్యాకేజీలో ఆగడానికి షరతు మామూలుగా "గత విడతకీ దీనికీ తేడా ఇంత శాతం లోపు" అని ఉంటుంది. ప్రతి విడతలోనూ వచ్చే మార్పు అంతకుముందు మార్పులో 0.9 వంతు ఉందనుకోండి. చివరి మార్పు 2 అయితే, ఇంకా రావలసిన మార్పులన్నీ కూడితే 18. రిపోర్ట్‌లో "2 శాతంలోపు" అని రాస్తాం, అసలు తప్పు దానికి తొమ్మిది రెట్లు. బెంజ్ సర్కిల్ కింద ట్రాఫిక్‌లో బండి నిమిషానికి గజం కదులుతోందంటే ఇల్లు గజం దూరంలో ఉందని అర్థం కాదు కదా.

దీనికి మందు కొత్తదేమీ కాదు. మూడు మెష్‌లు, ప్రతిసారీ సైజు సగం. కావలసిన అంకె వరసగా 182, 194, 197 వచ్చిందనుకోండి. మార్పులు 12, 3. నాలుగోవంతుకు పడిపోతున్నాయి, అంటే తప్పు సైజు వర్గంతో తగ్గుతోంది. అలాగే సాగితే మిగిలింది 1, జవాబు 198 దగ్గర ఆగుతుంది. చివరి మెష్‌లో తప్పు సుమారు అర శాతం. దీని మీద భద్రతా గుణకం వేసి చెప్పే పద్ధతిని 1994లో రోచ్ ప్రతిపాదించాడు, ఫ్లూయిడ్స్ వాళ్ళు ఎప్పటినుంచో వాడుతున్నారు. స్ట్రక్చర్స్ వాళ్ళం మనం ఎందుకు బద్ధకిస్తామో నాకు అర్థం కాదు. అవే మార్పులు 37, 51 అని పెరుగుతుంటే అక్కడ ఆగి మోడల్ వైపు చూడాలి, మెష్ వైపు కాదు.

ఈ మందు కనిపెట్టిన రిచర్డ్‌సన్ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1911లో అచ్చయిన ఆయన వ్యాసం ఒక రాతి ఆనకట్టలో స్ట్రెస్‌ల గురించి. కంప్యూటర్ లేదు. గళ్ళ మీద లెక్కలన్నీ చేతితో, కూలి ఇచ్చి వేయించాడు, ఒక్కో బిందువుకు ఇంతని. అంత ఖరీదైన లెక్కలోనూ లావు గళ్ళతో ఒకసారి, సన్నగళ్ళతో ఒకసారి చేసి, రెండింటి తేడా నుంచి అసలు జవాబును అంచనా వేయొచ్చని చూపించాడు. ఆయనది ఫైనైట్ డిఫరెన్స్, మనది ఫైనైట్ ఎలిమెంట్, అది వేరే సంగతి. బిందువుకు ఇంతని జేబులోంచి కట్టినవాడు రెండో మెష్ వేశాడు. రాత్రి రన్ పెట్టి పడుకునే మనం వేయం.

సేఫ్టీ ఫ్యాక్టర్ ఉందిగా!

పెరుగన్నం దగ్గర ఆ వర్క్‌షాప్ పెద్దమనిషి వేసిన గట్టి ప్రశ్న ఇది. "పది శాతం తప్పుంటే ఏమవుతుందయ్యా? ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ 1.5 పెట్టాంగా, అందులో కొట్టుకుపోతుంది."

చాలా సందర్భాల్లో కొట్టుకుపోతుంది, నిజమే. లేకపోతే మన చుట్టూ ఇన్ని షెడ్లు నిలబడి ఉండవు. కానీ ఆ 1.5 మెష్ కోసం పెట్టింది కాదు. ఉక్కు నాణ్యతలో తేడా, వెల్డర్ చెయ్యి, ఓవర్‌లోడు, వీటి కోసం పెట్టింది. పది టన్నుల బండికి పదహారు టన్నుల ఇసుక ఎత్తే చోట ఆ నిల్వలోంచి మెష్ తప్పు కూడా వాడుకుంటే ఇక మిగిలేదెంత? పైగా ఫెటీగ్‌లో లెక్క ఇంకోలా ఉంటుంది. వెల్డు ఆయుష్షు స్ట్రెస్ ఘనానికి విలోమంగా మారుతుంది. స్ట్రెస్‌ను 20 శాతం తక్కువగా లెక్కగడితే ఆయుష్షు దాదాపు రెట్టింపు చెప్పినట్టు. అయిదేళ్ళనుకున్న బ్రాకెట్ రెండున్నరేళ్ళకే షెడ్డుకొస్తుంది.

ఇక పెద్ద ఉదాహరణ అందరికీ తెలిసిందే గనక ముక్తసరిగా చెప్తా. 1991 ఆగస్టు 23న నార్వేలో స్టవాంగర్ దగ్గర ఫియోర్డ్‌లో స్లైప్నర్ ఎ అనే చమురు వేదిక కాంక్రీట్ పునాది మునిగిపోయింది. గుండ్రటి గదులు మూడు కలిసే చోట ఏర్పడే ముక్కోణపు సందు గోడల్లో షియర్‌ను (గోడను అడ్డంగా కోసే బలాన్ని) ఫైనైట్ ఎలిమెంట్ లెక్క 47 శాతం తక్కువ చూపించింది, అక్కడ మెష్ లావుగా, వంకరగా ఉంది. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. తర్వాత జాగ్రత్తగా లెక్కిస్తే 62 మీటర్ల లోతులో పగలాలని వచ్చింది. అసలు పగిలింది 65 మీటర్ల దగ్గర. మెష్ సరిగ్గా ఉంటే అదే పద్ధతి ఎంత దగ్గరగా చెప్పగలదో చూడండి.

ఈ కథ చెప్పి "చూశారా, మెష్!" అని ముగించేవాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. అక్కడ ఇనుము డీటెయిలింగ్ కూడా లోపమే, కడ్డీల యాంకరేజ్ (కాంక్రీట్‌లో పట్టు) చాలలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ గోడను మామూలు బీమ్‌గా భావించి కాగితం మీద షియర్ వేసినా సగం తేడా బయటపడి ఉండేది. కాబట్టి నా వర్క్‌షాప్ ప్రత్యర్థి "చేతి లెక్క నేర్పండి, మెష్ అవసరం లేదు" అని ఉంటే నేను చాలావరకు తలూపేవాణ్ణి. ఆయన అలా అనలేదు, బటన్ నేర్పమన్నాడు.

ఎస్టిమేటర్ చూడలేనివి

జడ్-జడ్ మీద నాకున్న అనుమానాలు కూడా రాసెయ్యాలి, లేకపోతే ఏకపక్షం అవుతుంది. రెండు వేర్వేరు లోహాలు కలిసే చోట, ప్లేటు మందం మారే చోట స్ట్రెస్‌లో మెట్టు నిజంగానే ఉంటుంది. అక్కడ అడ్డంగా సగటు తీస్తే లేని తప్పును చూపిస్తుంది. దీనికి ఉల్టా కూడా ఉంది. మెష్ మరీ లావుగా ఉండి ఒక చిన్న ఫిల్లెట్‌ను (గుండ్రంగా చేసిన మూలను) అసలు పట్టుకోకపోతే, ముడి స్ట్రెసూ నున్నటి స్ట్రెసూ రెండూ ఒకేలా, ఒకే రకంగా తప్పుగా ఉంటాయి. తేడా లేదు కాబట్టి తప్పు లేదంటుంది. ఇంకోటి, దూరంగా ఉన్న ఒక మూల దగ్గరి తప్పు మొత్తం జవాబులోకి పాకుతుంది, దీన్ని పొల్యూషన్ ఎర్రర్ అంటారు. మనకు కావలసిన చోట లోకల్ అంచనా అర శాతం అంటూనే ఉంటుంది, అసలు తప్పు మాత్రం దూరం నుంచి వచ్చి కూర్చుంటుంది. అందుకే మేస్త్రి చూపించిన చోట మాత్రమే సన్నం చేస్తే చాలనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. మేస్త్రితో ఈ మాట అనలేదు లెండి.

ఇవన్నీ ఒక ఎత్తు. సమీకరణాలు సరిగ్గా సాధించామా అన్నది ఒక ప్రశ్న, సరైన సమీకరణాలు సాధించామా అన్నది వేరే ప్రశ్న. ఎస్టిమేటర్ మొదటిదానికే జవాబు చెప్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు గట్లు తెగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇది నాకు చాలా స్పష్టంగా తోచింది. వరద నీటి మోడళ్ళలో కూడా అడాప్టివ్ మెష్‌లు ఉంటాయి, నీటిమట్టం వేగంగా మారే చోట గళ్ళు సన్నబడతాయి. గట్టు తెగడమన్నది ఇన్‌పుట్‌లో లేకపోతే, మోడల్‌లో సింగ్‌నగర్ పొడిగా ఉంటుంది. పొడిగా ఉన్నచోట మార్పు లేదు, మార్పు లేనిచోట తప్పు లేదు, మెష్ సన్నబడదు. 0.1 శాతం తప్పుతో పొడిగా ఉందని చెప్తుంది. అవే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోతుంటే పడవలు కొట్టుకొచ్చి గేట్ల కౌంటర్ వెయిట్లను గుద్దాయి. పడవ గుద్దుకోవడమన్న లోడు ఇవ్వని మోడల్‌లో ఆ కౌంటర్ వెయిట్ చుట్టూ ఎన్ని లక్షల ఎలిమెంట్లు పోస్తే మాత్రం ఏం లాభం?

అలాగని "ఇన్‌పుటే అనుమానం, ఇక మెష్ తప్పు ఎందుకు కొలవడం" అనేవాళ్ళ మాట నేనొప్పుకోను. ఇన్‌పుట్ తప్పు కొలవడం కష్టం, కొన్నిసార్లు అసాధ్యం. మెష్ తప్పు కొలవడం తేలిక. కొలవగలిగినదాన్ని కొలిచి పక్కన పెడితే, జవాబు ప్రయోగంతో కలవనప్పుడు వేలు ఎటు చూపించాలో తెలుస్తుంది. రెండూ కలిపేస్తే ఒక్కోసారి ఒక తప్పు ఇంకో తప్పును రద్దు చేసి, లావు మెష్ స్ట్రెయిన్ గేజ్ (అసలు వస్తువు మీద అతికించి సాగుదలను కొలిచే పరికరం) రీడింగ్‌తో చక్కగా కలిసిపోతుంది. అప్పుడు ఆ లావు మెష్‌నే ప్రమాణంగా పెట్టుకుని తర్వాత మోడళ్ళన్నీ దానితోనే లాగించేస్తారు. ఇలాంటి ఆఫీసులు నేను చూశా.

ఏ అంకె కావాలో ముందు చెప్పడం

పరిశోధకులు ఈ చిక్కును గుర్తించి చాలాకాలమైంది. 2001లో బెకర్, రానాకర్ రాసిన పెద్ద సమీక్షతో స్థిరపడిన పద్ధతిలో ముందే చెప్పాలి, నాకు ఫలానా బిందువు దగ్గర స్ట్రెస్ కావాలి అని. దానికి తగ్గట్టు రెండో సమస్య ఒకటి సాధిస్తారు. ఎక్కడ జరిగిన తప్పు ఆ ఒక్క అంకెను ఎంత కదిలిస్తుందో అది చెప్తుంది. ఆ బరువుతో తప్పును హెచ్చించి, ఆ లెక్కన మెష్ సన్నం చేస్తారు. దూరపు మూల నుంచి పాకే తప్పు కూడా ఇందులో పట్టుబడుతుంది. డ్యుయల్, అడ్జాయింట్ అని పేర్లు వింటే భయమేస్తుంది గానీ బ్రిడ్జి డిజైన్ చేసే సివిల్ వాళ్ళకు ఇది చిన్నప్పటి స్నేహితుడే: ఇన్‌ఫ్లుయెన్స్ లైన్. ఎక్కడ లోడు పెడితే ఈ ఒక్క చోట మూమెంట్ (వంచే ప్రభావం) ఎంత మారుతుందో చెప్పే గీత. లీనియర్ సమస్యలో ఖర్చు కూడా పెద్దగా ఉండదు, మ్యాట్రిక్స్ ఒకసారి విడగొట్టి ఉంచుకున్నాక ఇంకో లోడు కేసు నడిపినంతే. నేను రోజూ వాడే ప్యాకేజీలో మాత్రం దీనికి బటన్ లేదు. ఎనర్జీ నార్మ్‌కి ఉంది. ఎనర్జీ నార్మ్ కావాలని నన్ను ఇంతవరకు ఒక్క కస్టమరూ అడగలేదు.

కాంటాక్ట్ (భాగాలు ఒకదానికొకటి తగలడం), ప్లాస్టిసిటీ (లోహం వంగి తిరిగి రాకపోవడం), పెద్ద వైకల్యాలు వచ్చేసరికి ఈ మాటలన్నీ కొంచెం తడబడతాయని ఒప్పుకుంటున్నా. మెష్ మార్చినప్పుడల్లా పాత స్థితిని కొత్త మెష్‌కి మోయాలి, మోయడంలోనే కొత్త తప్పు పుడుతుంది. అక్కడ నేను చేసేది పాత పద్ధతే, మూడు మెష్‌లు, ఒక్కటే అంకె, మార్పులు ఎలా తగ్గుతున్నాయో చూడటం. కొన్నిసార్లు అవి తగ్గుతూ, పెరుగుతూ ఏ క్రమంలోనూ పడవు. అప్పుడు అర శాతం అని రాయను, రెండు అంకెల మధ్య ఎక్కడో ఉందని రాస్తా.

ఇలా రాయడమే గొడవ. ప్రతి రిపోర్ట్‌లోనూ మొదటి పేజీలో ఒక వాక్యం పెడుతున్నా: అడిగిన అంకె ఏది, ఎంత వచ్చింది, మెష్ వల్ల అందులో ఎంత తేడా ఉండొచ్చు. ఆటోనగర్ షెడ్డు వాళ్ళు దాన్ని చదివారో లేదో తెలియదు, గస్సెట్ కొస మాత్రం మార్చుకున్నారు. బయటి ఊరి కంపెనీ ఒకటి ఉంది, పెద్దదే. వాళ్ళ మేనేజర్ ఫోన్ చేసి, "సార్, 'తప్పు' అన్న మాట మొదటి పేజీలో ఉంటే మా కస్టమర్ భయపడతాడు, తీసేయండి" అన్నాడు. తీసేయనన్నా. "పోనీ ప్లస్ ఆర్ మైనస్ అనండి." సరేనన్నా. "పోనీ చివర్లో అపెండిక్స్‌లో పెట్టండి." మొన్న పంపిన రిపోర్ట్‌లో అపెండిక్స్‌లోనే ఉంది, ఆఖరి పట్టికకు ముందు. మొదటి పేజీకి తేవడానికి బేరం ఇంకా నడుస్తోంది.